సెటిల్‌మెంట్ అయ్యాక కూడా అప్పులవాళ్ల ఫోన్లు: ఎందుకు వస్తాయి, ఎలా ఆగుతాయి

బ్యాంకు చుట్టూ నెలల తరబడి తిరిగి, తగ్గించిన మొత్తానికి ఒప్పించి, సెటిల్‌మెంట్ లెటర్ తెచ్చుకున్న రోజు ఆ ఇంట్లో అందరూ కంటినిండా నిద్రపోతారు. వారం గడవకముందే మళ్లీ ఫోన్ మోగుతుంది. కొత్త నంబరు, కొత్త గొంతు, లెక్క మాత్రం పాతదే. అసలు, వడ్డీ, పెనాల్టీ అన్నీ కలిపి ఇంత, సాయంత్రంలోగా కట్టాలి. "సెటిల్‌మెంట్ అయిపోయిందండీ" అంటే "మా సిస్టమ్‌లో అలా ఏమీ చూపించడం లేదు మేడమ్" అని జవాబు. మరుసటి రోజు ఇంకో నంబరు. నాలుగో రోజుకల్లా ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా అందరి గుండెలూ ఝల్లుమంటాయి.

ఇక్కడ చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఒప్పందం చెల్లలేదేమోనని కంగారుపడి, ఫోన్ చేసినవాడు పంపిన లింకుకు ఎంతో కొంత పంపేస్తారు. లేదా విసుగెత్తి సిమ్ తీసి పారేస్తారు. మొదటి పనితో డబ్బు పోతుంది. రెండో పనితో బ్యాంకు పంపే అసలైన మెసేజీలు, కోర్టు సమాచారం కూడా అందకుండా పోతాయి. ఆ ఫోన్ ఎక్కడి నుంచి వస్తోందో, తమ చేతిలో ఉన్న కాగితానికి ఎంత బలం ఉందో తెలిస్తే ఈ రెండూ చేయాల్సిన అవసరం రాదు.

ఫోన్ చేసేవాడికి ఒప్పందం సంగతి తెలియదు

వాయిదా 90 రోజులు దాటి ఆగితే బ్యాంకు ఆ అప్పును ఎన్‌పీఏ (మొండిబాకీ) కింద లెక్కవేస్తుంది. వసూలు పనిని చాలా బ్యాంకులు బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. ఏజెన్సీకి అందేది ఒక జాబితా. అందులో పేరు, ఫోన్ నంబరు, బాకీ, అప్పు తీసుకునేటప్పుడు రిఫరెన్సుగా రాసిచ్చిన బంధువుల నంబర్లు ఉంటాయి. సెటిల్‌మెంట్ మాత్రం బ్రాంచి మేనేజరుతోనో, బ్యాంకులోని వేరే విభాగంతోనో కుదురుతుంది. ఆ సంగతి జాబితాలోకి ఎక్కేదాకా, ఫోన్ పట్టుకుని కూర్చున్న కుర్రాడి దృష్టిలో ఆ పేరు బాకీదారు పేరే. చాలా చోట్ల అతని సంపాదన వసూలైన మొత్తం మీద కమీషన్. జాబితాలో పేరు కనిపిస్తున్నంతకాలం ఫోన్ చేయకుండా ఉండడం అతనికి నష్టం. ఒక అప్పును ఒక ఏజెన్సీ నుంచి తీసి ఇంకో ఏజెన్సీకి ఇచ్చినప్పుడు, పాత ఏజెన్సీలో పాత జాబితా అలాగే ఉండిపోవడం కూడా జరుగుతుంటుంది.

అప్పునే బ్యాంకు అమ్మేసి ఉంటే చిక్కు ఇంకాస్త ముదురుతుంది. మొండిబాకీలను కొని వసూలు చేసుకునే కంపెనీలు ఉన్నాయి, వాటిని ఏఆర్‌సీలంటారు. అమ్మకం చట్టబద్ధమే. అమ్మిన తర్వాత ఆ అప్పు మీద మాట్లాడే హక్కు కొన్న కంపెనీది. అందుకే సెటిల్‌మెంట్‌కు కూర్చునే ముందు ఈ అప్పు ప్రస్తుతం ఎవరి పేరు మీద ఉందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. కొన్నిసార్లు ఫోన్ చేసినవాడి మాటే నిజం అవుతుంది. సెటిల్‌మెంట్ మొత్తాన్ని మూడు వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకుని, మూడోది పది రోజులు ఆలస్యమైతే, లెటర్‌లోని షరతును బట్టి తగ్గింపు రద్దయి పాత బాకీ మొత్తం మళ్లీ బతుకుతుంది. లేదంటే సెటిల్ అయింది పర్సనల్ లోన్, ఫోన్ వస్తోంది అదే బ్యాంకు క్రెడిట్ కార్డు గురించి. కాబట్టి గొంతు పెంచే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ అకౌంట్ నంబరు గురించి మాట్లాడుతున్నారు?" అన్నదే. ఆ నంబరు లెటర్‌లోని నంబరుతో కలిస్తే ఒక దారి, కలవకపోతే వేరే దారి.

ఏ కాగితానికి ఎంత బలం

తెలుగునాట అప్పు పరిష్కారం అనగానే వినిపించే మాటలు మూడు: ఓటీఎస్ (వన్ టైమ్ సెటిల్‌మెంట్), లోక్ అదాలత్, ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా అర్జీ). మూడింటినీ ఒకే గాటన కట్టి "సెటిల్ అయిపోయింది" అనేస్తారు. ఫోన్ చేసినవాడికి ఏం జవాబు చెప్పాలన్నది ఈ మూడింటిలో ఏది చేతిలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఓటీఎస్ అంటే బ్యాంకుకూ అప్పుదారుకూ మధ్య కుదిరిన ఒప్పందం. కోర్టు ముద్ర ఉండదు. దాని బలమంతా లెటర్‌లో రాసిన మాటల్లోనే ఉంది. లోన్ అకౌంట్ నంబరు, ఒప్పుకున్న మొత్తం, కట్టాల్సిన తేదీలు, ఆ మొత్తం కడితే ఇక బాకీ ఏమీ మిగలదన్న స్పష్టమైన వాక్యం, బ్యాంకు అధికారి సంతకం ఉండాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చూసి డబ్బు కట్టకూడదు. బ్రాంచిలోనో, బ్యాంకు అధికారిక మెయిల్ ద్వారానో ఆ లెటర్ నిజమైనదేనని తేల్చుకుని, నేరుగా లోన్ అకౌంట్‌లోకే జమ చేయాలి. ఏజెంటు సొంత యూపీఐకి వేసిన డబ్బును బ్యాంకు తన ఖాతాలో చూపించదు, అడిగినా దానికి జవాబుదారీ వహించదు.

ఈ రాజీలకు సంబంధించి రిజర్వ్ బ్యాంక్ 2023 జూన్ 8న ఒక ఫ్రేమ్‌వర్క్ తెచ్చింది. ఒప్పుకున్న మొత్తం కట్టడానికి మూడు నెలలు మించి గడువు ఇస్తే దాన్ని రాజీగా కాకుండా రీస్ట్రక్చరింగ్‌గా (పాత అప్పునే కొత్త షరతులతో కొనసాగించడంగా) లెక్కవేయాలని అందులో ఉంది. బ్యాంకులు "తొంభై రోజుల్లో తేల్చేయండి" అని తొందరపెట్టడానికి ఇదొక కారణం. అందుకని చేతిలో డబ్బు సమకూరే వీలు చూసుకోకుండా సంతకం పెట్టి, మధ్యలో తప్పిపోవడం కంటే ముందుగానే ఎక్కువ గడువున్న ఏర్పాటు అడగడం మేలు. రాజీ అయిన అప్పుదారుకు మళ్లీ అప్పు ఇవ్వాలంటే, వ్యవసాయ రుణాలు మినహా, కనీసం 12 నెలలు ఆగాలని కూడా అదే ఫ్రేమ్‌వర్క్ చెబుతుంది.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ ఇంతకంటే గట్టిది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడిచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కేసు కోర్టుకు వెళ్లకముందే, ప్రీ లిటిగేషన్ దశలోనే, బ్యాంకులు బాకీదారులను లోక్ అదాలత్‌కు పిలిచి రాజీ చేసుకోవడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలు విషయం. అవార్డు కాపీ చేతిలో ఉన్నవారికి పాత లెక్క చెప్పి ఫోన్ చేసే హక్కు ఎవరికీ ఉండదు. అయితే ఆ గట్టిదనం రెండు వైపులా పనిచేస్తుంది. అవార్డులో రాసుకున్న వాయిదా తప్పితే బ్యాంకు కొత్తగా దావా వేయనక్కర్లేదు, నేరుగా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి అమలుకు వెళుతుంది. లోక్ అదాలత్ హడావుడిలో అయిదు నిమిషాల్లో సంతకం పెట్టే కాగితం అది. కట్టగలిగిన మొత్తమే అందులో రాయించుకోవాలి.

ఇక ఐపీ. "ఫలానావాడు ఐపీ పెట్టాడు" అన్న మాట తెలుగు ఊళ్లలో ఒక తిట్టులా వాడతారు. ఆస్తులు ముందే భార్య పేరు మీదో, బావమరిది పేరు మీదో రాసేసి, తర్వాత ఐపీ పెట్టి ఊరందరినీ ముంచినవాళ్లు ఆ మాటకు తెచ్చిన మరక అది. నిజానికి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, నిజంగా చితికిపోయిన మనిషికి కోర్టు నీడలో ఊపిరి పీల్చుకునే వీలు కల్పించడానికి వచ్చింది. జిల్లా కోర్టులో, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన సబ్ కోర్టులో పిటిషన్ వేస్తారు. అప్పులన్నీ, ఆస్తులన్నీ దాచకుండా చూపించాలి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు సరైన ప్రతిఫలం లేకుండా చేసిన ఆస్తి బదిలీలను రద్దు చేయించే వీలు 53వ సెక్షన్‌లో ఉంది. బావమరిది పేరు మీద రాసిన ఇల్లు అక్కడే దొరుకుతుంది.

ఫోన్ల సంగతికి వస్తే, ఐపీ విషయంలో జనంలో పెద్ద అపోహ ఒకటుంది. పిటిషన్ వేయగానే అప్పులవాళ్ల నోళ్లు మూతపడతాయని అనుకుంటారు. వాస్తవంలో కోర్టు నోటీసు అందిన రోజే చాలామంది అప్పులవాళ్లు భగ్గుమని ఫోన్లు చేస్తారు, ఇంటి మీదికొస్తారు. పూర్తి రక్షణ వచ్చేది కోర్టు ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటిస్తూ ఆర్డరు ఇచ్చాక. 28వ సెక్షన్ ప్రకారం అప్పటి నుంచి, విచారణ నడిచినంతకాలం, కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు ఆ బాకీ కోసం ఆస్తి మీదికి వెళ్లకూడదు, కొత్త దావా వేయకూడదు. ఈలోపు అరెస్టు భయం ఉంటే తాత్కాలిక రక్షణ కోరుకోవచ్చు, అందుకు వేరే అర్జీ పెట్టుకోవాలి. తనఖా ఉన్న బ్యాంకుకు మాత్రం ఈ అడ్డు లేదు. తాకట్టు పెట్టిన ఇంటినో పొలాన్నో అమ్మి రాబట్టుకునే హక్కు దానికి అలాగే ఉంటుంది.

మరో చిక్కు డిశ్చార్జి దగ్గర వస్తుంది. దివాలా ఆర్డరులో కోర్టు ఒక గడువు పెడుతుంది, ఆలోగా అప్పుల నుంచి విడుదల కోసం దరఖాస్తు చేసుకోవాలి. ఆర్డరు వచ్చింది కదా అని ఊరుకుంటే ఆ ఆర్డరే రద్దవుతుంది. ఏళ్ల తర్వాత ఫోన్లు మళ్లీ మొదలైతే, ఐపీ పెట్టినవారు మొదట చూసుకోవాల్సింది డిశ్చార్జి తీసుకున్నారా లేదా అన్నదే.

అయిదు క్రెడిట్ కార్డులు, మూడు యాప్ లోన్లు, ఒక పర్సనల్ లోన్ ఉన్న జీతగాడికి వీటన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే సులువైన ఏర్పాటు మన దగ్గర లేకపోవడం నిజమైన లోటు. బ్రిటన్‌లో అప్పులవాళ్లందరితో కలిపి ఒకే ఒప్పందం కుదుర్చుకునే ఐవీఏ అనే పద్ధతి ఉంది. ఓటేసిన అప్పులవాళ్లలో, బాకీ విలువ లెక్కన, 75 శాతం ఒప్పుకుంటే అది ఒప్పుకోనివారికి కూడా వర్తిస్తుంది. మన 2016 నాటి దివాలా స్మృతిలో మామూలు మనుషుల కోసం రాసిన అధ్యాయాలు ఉన్నాయి, పేదల కోసం "ఫ్రెష్ స్టార్ట్" అనే ఏర్పాటు కూడా రాశారు. కానీ 2019 డిసెంబరు 1న అమలులోకి తెచ్చింది కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి సంబంధించిన భాగం మాత్రమే. మిగతా జనానికి నూరేళ్లు దాటిన ఆ పాత చట్టమే దిక్కు. అందువల్ల ఒక బ్యాంకుతో సెటిల్‌మెంట్ అయిందని ఇంకో బ్యాంకు ఫోన్ ఆపదు, ఆపాల్సిన బాధ్యత కూడా దానికి లేదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, రెండో బ్యాంకు ఫోన్ వచ్చినప్పుడు మోసపోయామన్న బాధ కలగదు.

ఫోన్ ఎత్తినప్పుడు

వాదనకు దిగితే ఓడేది అప్పుదారే. అవతలివాడు రోజుకు ఎన్నో ఫోన్లు చేసి రాటుదేలినవాడు. ఎక్కడ నొక్కితే ఈ గొంతు వణుకుతుందో అతనికి తెలుసు. కష్టాలు చెప్పుకున్నా లాభం లేదు, ఆ కష్టం వినే అధికారం అతనికి లేదు. పనికొచ్చేది అర నిమిషం మాట. "లోన్ అకౌంట్ నంబరు చెప్పండి. మీ పేరు, ఏజెన్సీ పేరు చెప్పండి. ఈ అప్పు మీద ఫలానా తేదీన బ్యాంకు ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్ ఉంది. కాపీ బ్యాంకు నోడల్ ఆఫీసరుకు మెయిల్ చేశాం. ఏమన్నా ఉంటే రాసి పంపండి, ఉంటానండీ." నోడల్ ఆఫీసరంటే బ్యాంకులో ఫిర్యాదులు చూసే అధికారి. ఇదే మాట పదిసార్లు చెప్పాల్సి రావచ్చు. కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకుంటే, అత్తగారు ఎత్తినా, కాలేజీకి వెళ్లే పిల్ల ఎత్తినా చదివి పెట్టేయగలరు.

ఈ మాటల్లో లేనివి కూడా గమనించాలి. ఎప్పుడు కడతామో తేదీ ఇవ్వడం లేదు. "ఎంతో కొంత వేస్తాను" అనడం లేదు. ఆఫీసు అడ్రసు, ఓటీపీ, బ్యాంకు వివరాలు చెప్పడం లేదు. పాత అప్పుల విషయంలో ఈ జాగ్రత్తకు చట్టపరమైన కారణం కూడా ఉంది. మామూలుగా అప్పు దావాకు కాలపరిమితి మూడేళ్లు. ఆ మూడేళ్లు ముగియకముందే బాకీ ఉందని రాతలో ఒప్పుకుంటే, లేదా కొంత కట్టి అది రాతలో నమోదైతే, 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. వాట్సాప్‌లో "సార్, బాకీ ఉన్నమాట నిజమే, కొంచెం టైమివ్వండి" అని పెట్టిన మెసేజీ రేపు కోర్టులో వారి చేతిలో కాగితం కావచ్చు.

ఏజెంట్లకు కట్టుబాట్లు లేకపోలేదు. రిజర్వ్ బ్యాంక్ 2008 ఏప్రిల్‌లోనే రికవరీ ఏజెంట్ల మీద నిబంధనలు పెట్టింది. ఏజెంటుకు శిక్షణ ఉండాలి, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు, ఐడీ కార్డు వెంట ఉండాలి, ఏ ఏజెన్సీకి అప్పగించారో బ్యాంకు అప్పుదారుకు ముందే తెలపాలి. అందులో ఒక నిబంధన చాలామందికి తెలియదు. అప్పుదారు ఫిర్యాదు చేసి ఉంటే, అది తేలేవరకు ఆ కేసును రికవరీ ఏజెన్సీకి పంపకూడదు. ఫిర్యాదు పసలేనిదని బ్యాంకుకు రుజువైతేనే మినహాయింపు. అంటే రాతపూర్వక ఫిర్యాదు ఒక్కటి వందసార్లు ఫోన్‌లో మొత్తుకోవడం కంటే విలువైనది. 2022 ఆగస్టు 12 నాటి ఆదేశాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. వసూలు కోసం ఉదయం 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. అదేపనిగా ఫోన్లు చేయడం, పేరు చెప్పకుండా బెదిరించడం, నలుగురిలో అవమానించడం, కుటుంబసభ్యుల, స్నేహితుల, రిఫరెన్సు ఇచ్చినవారి జోలికి వెళ్లడం, సోషల్ మీడియాలో రాయడం, అబద్ధాలు చెప్పడం అన్నీ నిషిద్ధం. గ్రూపు లోన్ల వంటి మైక్రోఫైనాన్స్ అప్పులకు ఆ సమయం మరింత తక్కువ: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే.

ఒక చిన్న నోటు పుస్తకం ఇక్కడ చాలా పని చేస్తుంది. తేదీ, సమయం, నంబరు, ఏమన్నారో ఒక్క ముక్క. ఫోన్ సంభాషణ రికార్డు చేసి దాచుకోవచ్చు. రేపు కోర్టులో చూపాల్సి వస్తే, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి కాబట్టి, ఆ రికార్డింగ్ ఉన్న ఫోన్‌ను మార్చేయకుండా ఉంచుకోవడం మంచిది. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చిన ఫోన్ వివరం తేదీతో సహా ఉంటే, బ్యాంకు తప్పించుకోవడం కష్టం.

రోజంతా ఫోన్ భయంతో బతకనక్కర్లేదు. తెలియని నంబర్లను సైలెంట్‌లో పెట్టి, రోజులో ఒక అరగంట మాత్రం మిస్డ్ కాల్స్ చూసి, మెసేజీలు చదివి, పుస్తకంలో రాసుకుంటే చాలు. ప్రతి ఫోన్‌కూ జవాబు చెప్పాలన్న చట్టం ఏదీ లేదు.

"పోలీసులు వస్తున్నారు"

ఏజెంటు చివరి అస్త్రం ఇదే. అప్పు కట్టలేకపోవడం దానంతటది నేరం కాదు, సివిల్ వ్యవహారం. డిక్రీ అయిన తర్వాత కూడా, కట్టే స్తోమత లేని మనిషిని కేవలం బాకీ కారణంగా జైలుకు పంపడం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కుకు విరుద్ధమని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కట్టగలిగి ఉండీ మొండికేసేవారి సంగతి వేరు.

చెక్కు బౌన్స్ మాత్రం నిజమైన ప్రమాదం. అప్పు తీసుకునేటప్పుడు సెక్యూరిటీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు సెటిల్‌మెంట్ తర్వాత కూడా బ్యాంకు దగ్గరే ఉండిపోతే, ఎవరో ఒకరు వాటిని ఖాతాలో వేసే అవకాశం ఉంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నోటీసు వస్తే, అందిన రోజు నుంచి 15 రోజుల్లో కట్టకపోతే కేసు పెట్టవచ్చు. కాబట్టి అలాంటి నోటీసును రికవరీ ఫోన్‌తో కలిపి పక్కన పడేయకూడదు, వెంటనే లాయరుకు చూపించి, సెటిల్‌మెంట్ లెటర్ జతచేసి జవాబు ఇప్పించాలి. సెటిల్‌మెంట్ లెటర్‌లోనే చెక్కులు వాపసు ఇస్తామని, ఆటో డెబిట్ రద్దు చేస్తామని రాయించుకుంటే ఈ గండం ముందే తప్పుతుంది.

పరువు

ఫోన్లలో మనిషిని నిజంగా కుంగదీసేది లెక్క కాదు, బంధువులకు వెళ్లే ఫోన్. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో పెదనాన్నకు ఫోన్ చేసి "మీ తమ్ముడు ఎగ్గొట్టాడు" అని చెబితే, ఆ మాట ఎంత దూరం వెళుతుందో ఏజెంటుకు బాగా తెలుసు. అందుకే అతను చేస్తాడు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశారు. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాక్కుని, బంధుమిత్రులకు అవమానకరమైన మెసేజీలు పంపి, కొందరి ప్రాణాలు తీసేదాకా వెళ్లిన వేధింపుల కథ అప్పుడే బయటపడింది. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు తెచ్చి, లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు చూడకూడదని కట్టడి చేసింది.

దీనికి విరుగుడు చట్టం కంటే ముందు ఇంట్లోనే ఉంది. ఏజెంటు చెప్పకముందే దగ్గరివారికి విషయం చెప్పేయడం కష్టమే. నోరు పెగలదు. కానీ "అప్పు ఉన్నమాట నిజం, బ్యాంకుతో కాగితం రాసుకున్నాం, ఎవరైనా ఫోన్ చేస్తే నా నంబరు ఇచ్చి పెట్టేయండి, డబ్బు మాత్రం ఎవరికీ వేయకండి" అని అన్నకూ, వియ్యంకుడికీ ముందే చెప్పినవారి దగ్గర ఏజెంటు బలం సగానికి సగం పడిపోతుంది. బెదిరింపు, బూతులు, మార్ఫింగ్ ఫొటోల దాకా వెళితే అది వసూలు కిందికి రాదు, నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ నేరపూరిత బెదిరింపుకు సంబంధించినది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు, ఆన్‌లైన్ మోసమైతే 1930కి వెంటనే ఫోన్ చేయవచ్చు. నిద్రపట్టక, చచ్చిపోవాలనిపించే స్థితికి వస్తే 14416కు, టెలీ మానస్‌కు, ఆ క్షణంలోనే ఫోన్ చేయాలి. అది ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. అప్పు ఏదైనా, ఎంతైనా, దానికి తీరే దారి ఒకటి ఉంటుంది.

నోటు మీద తెచ్చిన అప్పులు

వడ్డీ వ్యాపారి దగ్గర ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన అప్పుకు రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు వర్తించవు. 2015లో విజయవాడలో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం ఆ లోకం ఎంత క్రూరంగా ఉండగలదో చూపించింది. ఇక్కడ పెద్దమనుషుల సమక్షంలో రాజీ కుదిరితే, కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి సంతకం చేయించుకోవాలి. ఆఖరి పైసా కట్టిన రోజు నోటు వాపసు తీసుకోవాలి. నోటు వ్యాపారి దగ్గరే ఉంటే దాన్ని ఇంకొకరి పేరుకు రాసిచ్చేయవచ్చు. అప్పుడు ఫోన్ చేసేది అసలు పరిచయం లేని మనిషి. "నోటు పోయింది, దొరికాక ఇస్తాలే" అంటే, అప్పు పూర్తిగా ముట్టిందని రశీదు రాయించుకుని ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాలి.

ఫిర్యాదు ఎక్కడ, మోసం ఎక్కడ

లెటర్ ఇచ్చాక కూడా వారం పది రోజులు దాటి ఫోన్లు వస్తుంటే, బ్యాంకు ఫిర్యాదుల విభాగానికీ నోడల్ ఆఫీసరుకూ ఒకే మెయిల్ పంపాలి. సెటిల్‌మెంట్ లెటర్, కట్టిన రశీదులు, నోటు పుస్తకంలోని ఫోన్ల వివరాలు జత చేయాలి. ఏజెన్సీ జాబితా నుంచి పేరు తీసేయమని, తీసేసినట్టు రాసి పంపమని అడగాలి. చాలా ఫోన్లు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఎందుకంటే ఏజెంటు ఎంత అరిచినా, జాబితా బ్యాంకు చేతిలో ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 2021లో వచ్చిన పథకం వేధింపుకు, మానసిక వేదనకు లక్ష రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం కూడా అంబుడ్స్‌మన్‌కు ఇచ్చింది.

ఫోన్ల బాధ భరించలేని మనిషిని వెతుక్కుంటూ వచ్చే ఇంకో రకం ఉన్నారు. "మీ లోన్లన్నీ సగానికి సెటిల్ చేయిస్తాం, కాల్స్ అన్నీ మేమే చూసుకుంటాం, ఈఎంఐలు ఆపేసి మాకు నెలనెలా ఫీజు కట్టండి" అంటారు. వారితో రాసుకున్న కాగితం వారికీ మనకూ మధ్య ఒప్పందం, బ్యాంకును కట్టిపడేసే శక్తి దానికి లేదు. ఈఎంఐ ఆపడం వల్ల పెరిగే వడ్డీ, పెనాల్టీ, చెక్కు కేసు అప్పుదారు నెత్తిమీదే పడతాయి. బ్యాంకు ఫోన్లను వేరే నంబరుకు మళ్లించినంత మాత్రాన బాకీ తగ్గదు. బ్యాంకుతో బేరం ఆడడానికి ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు, అర్జీ తెల్లకాగితం మీద రాసినా సరిపోతుంది. మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టును డబ్బు తీసుకుని శుభ్రం చేయిస్తామనే ఫోన్లను కూడా ఇదే కోవలో వేయాలి. రాజీ చేసుకున్న అప్పు ఆ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, పూర్తిగా కట్టినట్టు "క్లోజ్డ్" అని పడదు. ఇలా ఫోన్ చేసేవారెవరూ దాన్ని చెరపలేరు. కట్టేసిన తర్వాత కూడా బాకీ ఉన్నట్టే చూపిస్తుంటే అది తప్పు. ఆ తప్పును ఉచితంగా సరిచేయించుకునే హక్కు ఉంది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023 అక్టోబరులో ఆదేశించింది.

ఆఖరి వాయిదా కట్టిన తర్వాత

డబ్బు అంతా ముట్టాక నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోవడం చాలామంది మర్చిపోతారు. ఫోన్లు ఆగిపోయాయి కదా అని. మూడేళ్లకో నాలుగేళ్లకో ఆ పాత జాబితా ఎక్కడో మళ్లీ తెరుచుకుంటే, అప్పుడు చూపించడానికి పనికొచ్చేది ఈ సర్టిఫికెట్టే. ఆస్తి కాగితాలు పెట్టి తీసుకున్న వ్యక్తిగత అప్పయితే, పూర్తిగా కట్టిన లేదా సెటిల్ అయిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు వాపసు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలన్న నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

జామీను ఉన్నవారి సంగతి ఆఖరుకు మిగిలిపోతుంది. తోటి ఉద్యోగి అనో, పక్కింటి స్నేహితుడనో నమ్మి సంతకం పెట్టిన మనిషి ఫోన్ కూడా ఇన్నాళ్లూ మోగుతూనే ఉంది. అప్పుదారు ఐపీ నుంచి డిశ్చార్జి అయినా జామీనుదారు బాధ్యత పోదని 1920 చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. ఓటీఎస్ లెటర్‌లో జామీనుదారుకు కూడా విడుదల అని విడిగా రాయకపోతే, ఆయన మీదికి ఎవరైనా రావడానికి సందు ఉంటుంది. ఆ వాక్యం లెటర్‌లో రాయించాలి. నో డ్యూ సర్టిఫికెట్ రాగానే దాని జిరాక్సు ఒకటి ఆయన ఇంటికి వెళ్లి చేతికిచ్చి రావాలి.